గిన్నె అందించేవాడి ప్రార్థన

సోమవారం, 3

పాస్టరమ్మగారు ఈ నోటుపుస్తకం ఇచ్చి వెళ్లారు. "బైబిల్లో ఎవరెవరు దేవుణ్ని ఎలా అడిగారో చూడు. రోజుకొకటి చదువు, చదివింది రాసుకో, ఆ తర్వాత నీ నోటితో నువ్వు అడుగు. ఇది ఎవరికీ చూపించక్కర్లేదమ్మా" అన్నారు.

నాకు ప్రార్థన చేయడం రాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లయినా ఈ సంగతి బయటపడలేదంటే ఇంట్లో నా అవసరం రాలేదు కాబట్టే. ప్రార్థన డిపార్ట్‌మెంటు మొత్తం అత్తయ్యది. అన్నం ముందు ఆవిడే, ప్రయాణం ముందు ఆవిడే, కుళాయిలో నీళ్లు రాకపోయినా ఆవిడే. మేం కళ్లు మూసుకుని చివర్లో ఆమేన్ అనేవాళ్లం. మా ఆయన సగం రోజులు ఆ ఆమేన్ కూడా నోట్లో ముద్దతోనే అనేవారు.

మూడు వారాల కిందట అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: "సరే సరే." మంచినీళ్లు కావాలన్నా సరే సరే, వద్దన్నా సరే సరే, కోపమొచ్చినా అదే. నిన్న అన్నం ముందు ముగ్గురం కళ్లు మూసుకుని కూర్చున్నాం. ఎవరూ మొదలుపెట్టలేదు. కాసేపటికి మా ఆయన "ఊఁ, నువ్వు కానియ్" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. చిన్నప్పుడు బట్టీపట్టిన పరలోక ప్రార్థన గడగడా అప్పజెప్పేశాను. అత్తయ్య ఒక కన్ను తెరిచి నావైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. కూరలో ఉప్పు తగ్గినప్పుడు చూసేది అలాగే.

మంగళవారం, 4

హన్నా. బిడ్డ కోసం మందిరంలో ఏడుస్తూ పెదవులు మాత్రమే కదిపింది, గొంతు బయటికి రాలేదు. యాజకుడు చూసి, తాగి వచ్చిందనుకున్నాడు.

ఈ పద్ధతి నాకు కుదురుతుందనిపించింది. పొద్దున ఆసుపత్రి డ్యూటీలో కత్తెరలు కడిగే సింకు దగ్గర నిలబడి, అత్తయ్యకు మాట రావాలని పెదవులు కదిపి చూశాను. పక్కన గుడ్డలు మడతపెడుతున్న పిల్ల నన్నే చూస్తోంది. "ఏంటక్కా, లెక్క తప్పిందా?" అంది. "అవునే, ఒక పట్టకారు తక్కువొచ్చింది" అన్నాను. నా మొదటి ప్రార్థనకే ఒక అబద్ధం తోడైంది.

బుధవారం, 5

యోనా చదివాను. చేప కడుపులోంచి అడిగాడు. నాకు మరీ అంత అవసరం లేదు.

గురువారం, 6

ఇవాళ ఏమీ చదవలేదు.

శుక్రవారం, 7

ఇవాళా చదవలేదు. కానీ రాస్తాను. రాస్తే చిన్న విషయంగా కనబడుతుందేమోనని ఆశ.

మా గది ఆసుపత్రి కింది అంతస్తులో ఉంటుంది. ఆపరేషన్లలో వాడిన కత్తులు, కత్తెరలు మా దగ్గరికి వస్తాయి. కడిగి, గుడ్డలో ప్యాక్ కట్టి, ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరికి క్రిములు చచ్చేలా చేసి పైకి పంపుతాం. ప్యాక్ మీద అంటించే టేపుకు వేడి తగిలితే గీతలు నల్లబడతాయి. అది బయటి సంగతి మాత్రమే. ఆవిరి లోపలిదాకా వెళ్లిందా లేదా అని తెలియాలంటే ఒకసారికి ఎక్కించే ప్రతి లోడులోనూ ఒక టెస్ట్ ప్యాక్ పెట్టి, దాని నడిమధ్యలో ఒక కాగితం స్ట్రిప్ ఉంచాలి. లోడు దిగాక ముందు ఆ స్ట్రిప్ చూడాలి. బొగ్గులా నల్లబడి ఉంటేనే మిగతా ప్యాకులు గది దాటాలి. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, కొత్తగా వచ్చేవాళ్లకు నేర్పేదీ నేనే.

నిన్న తొమ్మిదింటి లోడు దించుతుండగా ఆపరేషన్ థియేటర్ నర్సు కిటికీ దగ్గరికొచ్చి కేకలు మొదలుపెట్టింది. "టేబుల్ మీద పేషెంట్ ఉందక్కా, తొందరగా ఇవ్వు!" బయటి టేపులు నల్లగా ఉన్నాయి. మూడు ప్యాకులు ఇచ్చేశాను. ఆ తర్వాత టెస్ట్ ప్యాక్ విప్పాను. స్ట్రిప్ టీ రంగులో ఉంది.

టీ రంగు. నలుపు కాదు. ట్యూబ్‌లైట్ వెలుతురుకి అలా కనబడిందనుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అక్కడా టీ రంగే.

అప్పుడే పైకి పరిగెత్తాల్సింది. ఫోన్ నాలుగడుగుల దూరంలో ఉంది. నేను చేసిందేమిటంటే, మిగిలిన తొమ్మిది ప్యాకులూ మళ్లీ ఆటోక్లేవ్‌లో పెట్టాను. ముందుగా అడుగున ఆవిరి పోయే జాలీ చూస్తే దూది పోగులు పట్టి ఉంది. దాన్ని వారంవారం శుభ్రం చేయాల్సిందీ నేనే. శుభ్రం చేశాను. ఈసారి స్ట్రిప్ నల్లగా వచ్చింది. ఆ ఒక్క స్ట్రిప్పునే నిలువునా రెండుగా కత్తిరించి, రిజిస్టర్‌లో రెండు లోడులకూ చెరో సగం అంటించాను. ఇన్‌చార్జ్ సిస్టర్ ఎప్పటిలాగే నా మీద నమ్మకంతో కింద సంతకం పెట్టేసింది.

టీ రంగు స్ట్రిప్ ఈ నోటుపుస్తకంలో పెట్టాను. ఎందుకు పారేయలేదో నాకు తెలియదు.

కడిగిన కత్తెరలేగా. వేడి తగలనే తగిలింది. ఏమీ కాదు.

శనివారం, 8

ఏమీ కాలేదు. మూడు ప్యాకుల్లో ఒకటి సిజేరియన్‌కి వాడారు, తొమ్మిదో బెడ్ బాలింతకు. ఒకటి హెర్నియా ఆపరేషన్‌కి వాడారు, పేషెంట్ ఒక దర్జీ. మూడోది ఎక్కడుందో తెలియదు. దర్జీ ఇవాళ నవ్వుకుంటూ ఇంటికెళ్లాడట. ఈ వార్తలన్నీ పై వార్డు ఆయా చెప్పింది. ఆమెను అందరం రేడియో అంటాం, అడక్కుండానే మోగుతుంది కాబట్టి. నిన్నట్నుంచీ నేనే వెళ్లి అడుగుతున్నాను. "ఏమే పిల్లా, నీకెప్పట్నుంచీ ఈ ఆరాలు?" అంది.

వెళ్లబోతూ ఇంకో మాట కూడా అంది. తొమ్మిదో బెడ్‌కి నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు వెచ్చగా ఉందట.

బాలింతలకు పాలు పడేటప్పుడు ఒళ్లు వెచ్చబడుతుంది. అందరికీ తెలిసిందే.

ఆదివారం, 9

చర్చిలో కూర్చున్నాను. ఒక్క మాటా చెవికెక్కలేదు. పాలు పడేటప్పుడు వెచ్చబడుతుంది.

సోమవారం, 10

నూట రెండు.

ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా తీశాను. మా ఆయన "జీతమేమైనా కోశారా?" అని వేళాకోళం చేశారు. నవ్వాను. నవ్వు బాగానే వచ్చింది.

హిజ్కియా రాజు చచ్చిపోతాడని కబురొస్తే గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. ఇంతకంటే నాకు పనికొచ్చేది ఏముంటుంది? మధ్యాహ్నం ఇంటికి రాగానే గదిలో గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ బాలింతను బతికించు, ఆమె పేరు కూడా నాకు తెలియదు, ఆ పసిదానికి తల్లిని ఉంచు అన్నాను. అంతవరకూ బాగానే సాగింది. కానీ హిజ్కియా తర్వాతి మాట వేరే. నీ ముందు నేనెంత నిజాయితీగా నడుచుకున్నానో గుర్తు చేసుకో ప్రభూ అని అడిగాడు. ఆ మాట దగ్గర నా నోరు ఆగిపోయింది.

తర్వాత వెళ్లి అత్తయ్య మంచం మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. స్ట్రిప్ కత్తిరించిన సంగతి కూడా. "ఇప్పుడు చెబితే నా ఉద్యోగం ఒక్కటే కాదత్తయ్యా, సిస్టర్ సంతకం కూడా ఉంది. రెండు నెలల్లో రిటైర్ కావాల్సిన మనిషి. ఆవిణ్ని ఎలా ఇరికించను? ఊరుకోవడమే మంచిది కదూ?" అన్నాను.

"సరే సరే" అంది అత్తయ్య.

ఊరుకోమనే అంది.

మంగళవారం, 11

నూట రెండున్నర.

గిద్యోను దేవుణ్ని గుర్తు అడిగాడు. గొర్రెబొచ్చు నేల మీద పరుస్తాను, రేపటికి బొచ్చు తడిసి నేల పొడిగా ఉంటే నీ మాట నిజమని నమ్ముతానన్నాడు. అలాగే అయింది. చాలక మరుసటి రోజు తిరగేసి కూడా అడిగాడు. దేవుడు విసుక్కోలేదు.

ప్రభూ, రేపటికి తొమ్మిదో బెడ్‌కి జ్వరం దిగితే నేను ఎవరికీ చెప్పక్కర్లేదని గుర్తు. దిగకపోతే చెబుతాను. ఒట్టు.

బుధవారం, 12

తొంభై తొమ్మిది!! రేడియో నోటివెంట ఆ అంకె రెండుసార్లు చెప్పించుకున్నాను. స్తోత్రం ప్రభూ, వెయ్యి స్తోత్రాలు. ఇంటికి వెళుతూ అత్తయ్యకు మెత్తటి రొట్టె కొన్నాను. అన్నం ముందు నేనే మొదలుపెట్టి చక్కగా ప్రార్థన చేశాను. మా ఆయన కళ్లు తెరిచి "అబ్బో!" అన్నారు.

జాలీ ఇక రోజూ శుభ్రం చేస్తాను.

గురువారం, 13

నూట మూడు. కుట్ల దగ్గర చీము.

రేడియోను మెట్ల కింద ఆపి అడిగాను. "నిన్న తగ్గింది కదా?"

"నిన్న ఏం తగ్గిందే, జ్వరం బిళ్లేశారు కాబట్టి దిగింది. డాక్టర్లకి అంతు పట్టట్లేదు. ఇప్పటికి రెండు మందులు మార్చారు. వాళ్లమ్మ కాళ్లరిగేలా తిరుగుతోంది పాపం."

నాకు దొరికిన గుర్తు ఒక జ్వరం బిళ్ల.

దిగకపోతే చెబుతానని ఒట్టు పెట్టాను. బుధవారానికి దిగింది కాబట్టి ఒట్టు తీరినట్టేనా? ఇలాంటి లెక్కలు వేస్తున్నాను. పైనున్నవాళ్లకు అంతు పట్టనిది నాకు తెలుసు. నా ఒక్కదానికే తెలుసు. ఎక్కడ చూడాలో తెలియక వాళ్లు వెతుకుతున్నారు, నేనేమో కింద కూర్చుని గుడ్డలు మడతపెడుతున్నాను. అన్నం లోపలికి పోవడం లేదు. వార్డులోంచి ఎవరు కిందికి దిగొచ్చినా నాకోసమే అనిపిస్తోంది.

అత్తయ్యను మళ్లీ అడిగాను. ఈసారి తిరగేసి అడిగాను: "పోనీ, వెళ్లి చెప్పేయనా అత్తయ్యా?"

"సరే సరే."

ఏదడిగినా ఆవిడ అదే అంటుందని ఈ నోటుపుస్తకం మొదటి పేజీలో నేనే రాశాను.

శుక్రవారం, 14

పాస్టరమ్మగారు అత్తయ్యను చూడ్డానికి వచ్చారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"పాస్టరమ్మగారూ, దేవుడితో ఒప్పుకుంటే చాలదా? మనుషులతో కూడా చెప్పాలా?"

"ఎవరి సంగతమ్మా?"

"మా దగ్గర పనిచేసే ఒకామె."

ఆవిడ చెప్పులు వేసుకోబోతూ ఆగారు. నావైపు చూడకుండా "ఆమెకి భయమా?" అన్నారు.

"చచ్చేంత భయమండీ."

"అయితే భయపడ్డవాడి ప్రార్థన ఒకటుంది. నెహెమ్యా, రెండో అధ్యాయం. రాజుకి గిన్నె అందించే ఉద్యోగం ఆయనది. ఆ గిన్నెలో విషం ఉందేమోనని ముందు తను తాగి చూడాలి, అప్పుడే రాజుకివ్వాలి. ఆ ప్రార్థన చాలా చిన్నదిలే. చదివి ఆమెకి చెప్పు."

చదివాను. నెహెమ్యా దిగులు మొహంతో గిన్నె అందించాడు. జబ్బేం లేదు కదా, మొహం ఎందుకలా ఉందని రాజు అడిగాడు. తనకి చాలా భయమేసిందని నెహెమ్యా తానే రాసుకున్నాడు. నీకేం కావాలి అని రాజు మళ్లీ అడిగాడు. అప్పుడు దేవుణ్ని ప్రార్థించి, రాజుతో మాట్లాడాడు.

అంతే ఉంది. ఆ ప్రార్థనలో ఏమన్నాడో ఒక్క మాటైనా లేదు. ముందూ వెనకా పేజీలు తిరగేసి వెతికాను. రాజు అడగడానికీ తను జవాబివ్వడానికీ మధ్య ఎంత సమయం ఉంటుంది? ఒక ఊపిరి పీల్చేంత. అందులో ప్రార్థన చేశాడు. భయం పోయాక మాట్లాడాడని ఎక్కడా లేదు.

ఇన్ని రోజులూ నేనడిగిందల్లా భయం పోవాలని. జ్వరం పోవాలన్నదీ అందుకే. ఆమె కోసం అనుకున్నాను. ఆమె కోసమే అయితే మొదటి రోజే పైకి వెళ్లేదాన్ని. సిస్టర్ సంతకం కూడా అంతే, ఆవిడ మీద నాకున్న ప్రేమ మొత్తం ఆ స్ట్రిప్ కత్తిరించాకే పొంగింది.

గిన్నె నేను తాగి చూడలేదు. అందించేశాను.

శనివారం, 15

చెప్పాను.

ఎలా చెప్పానో రాస్తాను, లేకపోతే రేపటికి ఇంకోలా గుర్తు చేసుకుంటాను.

పది గంటలకు, ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ల సంగతి చూసే డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాను. రెండుసార్లు వెనక్కి మెట్లదాకా వెళ్లాను. రెండోసారి సగం మెట్లు దిగిపోయాను కూడా. మూడోసారి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆవిడ నారింజపండు ఒలుస్తూ తలెత్తారు.

"రామ్మా. ఏంటి, మొహం అలా ఉంది? ఒంట్లో బాగోలేదా?"

అదే ప్రశ్న. రాజు అడిగిన ప్రశ్నే. నాకు పారిపోవాలనిపించింది.

"చెప్పు, ఏం కావాలి?"

ఒక ఊపిరి తీసుకున్నాను. అందులో ఏమడిగానో నాకే తెలియదు. ప్రభూ అన్న మాట కూడా పూర్తి కాలేదు.

"గురువారం తొమ్మిదింటి లోడు ఫెయిలైంది మేడమ్. మూడు ప్యాకులు అప్పటికే పైకి పంపేశాను. రిజిస్టర్‌లో దొంగ స్ట్రిప్ అంటించాను. అసలుది ఇదిగో" అని టీ రంగు కాగితాన్ని బల్ల మీద పెట్టాను. ఏడుపు రాలేదు. గొంతు మాత్రం మేకపిల్ల గొంతులా వచ్చింది.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఏ గురువారం?" అన్నారు. మొన్నటిది కాదు, ఆ ముందుదని చెప్పాను. నారింజపండు పక్కన పెట్టారు. "మూడూ ఎవరెవరికి వెళ్లాయి?"

అప్పటిదాకా నా భయమంతా తొమ్మిదో బెడ్ చుట్టూనే తిరిగింది. ఆవిడ థియేటర్‌కి ఫోన్ చేశారు. మూడో ప్యాక్ విప్పకుండా అల్మారాలోనే ఉందట. తొమ్మిదో బెడ్ చీము పరీక్షకు పంపమన్నారు, ఏ రకం క్రిముల కోసం చూడాలో చెప్పారు. తర్వాత దర్జీ కాగితాలు తెప్పించి, ఫోన్ నావైపు జరిపారు.

"నువ్వే చెయ్యి. ఎలా ఉన్నాడో కనుక్కో. ఏమాత్రం తేడా ఉన్నా వెంటనే తీసుకురమ్మను."

దర్జీ కూతురు ఎత్తింది. "నాన్నకి మొన్నట్నుంచీ జ్వరమండీ. కుట్ల దగ్గర ఎర్రగా వాచింది. ఆపరేషన్ అయ్యాక అలాగే ఉంటుందిలే, సోమవారం ఎలాగూ రమ్మన్నారు కదా అని చూస్తున్నాం" అంది. ఇప్పుడే బయల్దేరండి అన్నాను. నా గొంతు ఎలా వినబడిందో ఏమో, ఆమె ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం సూపరింటెండెంట్ గదిలో నేను చెప్పింది రాసుకుని సంతకం తీసుకున్నారు. విచారణ తేలేదాకా ఆటోక్లేవ్ ముట్టుకోకూడదు, గుడ్డలు మడతపెట్టడమే. "పేషెంట్ల వాళ్లతో మాత్రం ఒక్క మాట మాట్లాడకు. అది మేం చూసుకుంటాం" అన్నారాయన.

ఇన్‌చార్జ్ సిస్టర్ స్టూల్ మీద కూర్చుండిపోయింది. "చూడకుండా సంతకం పెట్టాను కదే" అంది. తర్వాత, "ఆ రోజే నాతో చెప్పుంటే, నేనే పైకి ఫోన్ చేసేదాన్ని కదా అమ్మాయ్" అంది. చేసేదే. నాకు తెలుసు.

ఆదివారం, 16

చర్చికి వెళ్లలేదు. మా ఆయనకు చెప్పాను. ఆ పూట అన్నం తనే వడ్డించారు. ప్రార్థన లేకుండానే తిన్నాం. అత్తయ్య నా వైపు చూస్తూనే ఉంది.

సోమవారం, 17

తొమ్మిదో బెడ్‌కి నూట ఒకటి. కొత్త మందు పని చేస్తున్నట్టుందట, గట్టిగా చెప్పలేమట. ఈ జ్వరాలు నా ప్యాకుల వల్లేనా అని డాక్టరమ్మను అడిగాను. "అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఎప్పటికీ తేలకపోవచ్చు" అన్నారు. దర్జీకి కుట్లు విప్పి శుభ్రం చేశారు. ఇంకో రెండు రోజులు ఇంట్లోనే ఉంచుంటే మనిషి దక్కేవాడు కాదట.

ఉతికిన గుడ్డల మూట పై వార్డులో దించి ఆయాకి లెక్క చెబుతుంటే, వరండా బెంచీ మీంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. పాతికేళ్లుంటాయి. వేలికి సూది గుచ్చుకోకుండా తొడిగే తొడుగు ఇంకా అలాగే ఉంది.

"శనివారం ఫోన్ చేసింది మీరేనా అండీ? గొంతు గుర్తుపట్టాను."

తలూపాను.

ఆమె గబుక్కున నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ రుణం తీర్చుకోలేమండీ. వారమైనా గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎవరున్నారు ఈ రోజుల్లో? మీరు చెయ్యకపోతే నాన్న..." అని కళ్లు తుడుచుకుంది. "నేను రోజూ ప్రార్థన చేశానండీ, ఎవరైనా మంచి మనిషిని సాయంగా చూపించమని. దేవుడు మిమ్మల్ని పంపాడు."

సూపరింటెండెంట్ గది తలుపు కనబడుతూనే ఉంది. ఒక్క మాట మాట్లాడకు అన్నారు. మాట్లాడకపోతే నా ఉద్యోగం దక్కినా దక్కవచ్చు. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. పరవాలేదమ్మా అని తలూపి మూట ఎత్తుకుంటే సరిపోతుంది. శనివారం కంటే ఎక్కువ భయమేసింది. అక్కడ తిడతారని భయం, ఇక్కడ పొగుడుతోంది.

ఒక ఊపిరి తీసుకున్నాను.

"మీ నాన్న ఆపరేషన్‌కి వాడిన కత్తెరలు పంపింది నేనేనమ్మా" అన్నాను. "అవి సరిగ్గా శుభ్రం కాలేదు. ఆ సంగతి నాకు అదే రోజు తెలిసింది."

ఆమెకు ముందు అర్థం కాలేదు, నా చేతులు పట్టుకునే వింటోంది. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు అనే దగ్గర వదిలేసింది.

మిగతాది కూడా చెప్పాను.